పెద్దవాళ్ళ డిప్రెషన్, పిల్లల డిప్రెషన్ ఒకటేనా? మెదడు స్కాన్‌లో తెలుస్తుందా?

మీరు కావలి నుంచి రాశారు. మీకు 42 ఏళ్ళప్పుడు డిప్రెషన్ వచ్చి మందులతో తగ్గింది. ఇప్పుడు ఇంటర్ చదివే మీ అబ్బాయికీ అదేనని డాక్టరు అన్నారు, కానీ వాడి తీరు మీ తీరులా లేదు. డిప్రెషన్‌లో మెదడు కనెక్షన్లు మారతాయంటున్నారు, పెద్దలకీ పిల్లలకీ తేడా ఉంటుందా, ఎమ్మారై తీయిస్తే తేలుతుందా అని అడిగారు.

ముందు స్కాన్ సంగతి చెప్తాను. నేను నెల్లూరులో 11 ఏళ్ళుగా ఎమ్మారై టెక్నీషియన్‌ని. డాక్టరు వేరే అనుమానం వచ్చి రాస్తే తప్ప తీయించొద్దండి. మేం రోజూ తీసే స్కాన్‌లో గడ్డలు, రక్తస్రావం, వాపు లాంటివి కనిపిస్తాయి. మీరు చదివిన కనెక్షన్ల సంగతి వేరే. మనిషిని కదలకుండా పడుకోబెట్టి, మెదడులో రక్తంలోని ఆక్సిజన్ ఎక్కడెక్కడ కలిసి హెచ్చుతగ్గులవుతోందో కొన్ని నిమిషాలపాటు కొలుస్తారు. ఏ పనీ చేయకపోయినా కొన్ని భాగాలు ఒకే లయలో నడుస్తాయని 1995లో చూపించింది భరత్ బిస్వాల్, మన దేశం నుంచి వెళ్ళిన శాస్త్రవేత్తే. అలా కలిసి నడిచే భాగాల మధ్య ‘కనెక్షన్’ ఉందంటారు. డిప్రెషన్ ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ వందలమందిని కొలిచి సగటు తీస్తే తేడా కనిపిస్తుంది. ఒక్క పిల్లవాడి బొమ్మ చూసి వీడికి డిప్రెషన్ ఉందనో లేదనో చెప్పే పరీక్షగా అది ఇంకా రాలేదు.

ఇంత తెలిసిన నేనే తప్పు చేశాను. మావాడికి 15 ఏళ్ళప్పుడు హాస్టల్ నుంచి ఇంటికి వచ్చేసి, మాట్లాడితే కస్సుమనేవాడు. ఒకరోజు అన్నం పళ్ళెం విసిరికొట్టాడు. పగలంతా నిద్ర, రాత్రంతా ఫోను. భయపడి డాక్టరుగారిని బతిమాలి రాయించుకుని, నా చేతులతోనే వాడి తల స్కాన్ చేశాను. నార్మల్ అని రిపోర్టు వచ్చింది. ‘చూశావా, జబ్బూ లేదు గిబ్బూ లేదు, పొగరు’ అన్నారు మా ఆయన. నేనూ నమ్మాను. ఆ నార్మల్ కాగితం వల్ల మాకు నెలన్నర పోయింది. ఆ నెలన్నరా వాడిని తిడుతూనే ఉన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే కడుపులో దేవినట్టుంటుంది.

నేను పోల్చుకోలేకపోవడానికి ఇంకో కారణం మా నాన్న. కొండపి దగ్గర పొగాకు రైతు. 58 ఏళ్ళప్పుడు నాన్నకి డిప్రెషన్ వచ్చింది. ఆకు కాల్చే రోజుల్లో రాత్రిళ్ళు బ్యారన్ (పొగాకుని వేడితో ఆరబెట్టే కొట్టం) దగ్గరే పడుకునే మనిషి, ఆ ఏడాది అటువైపు తొంగి చూడలేదు. తెల్లారుజామున 3 గంటలకే లేచి కూర్చునేవాడు. తిండి సయించలేదు. ‘మీకు బరువైపోయానమ్మా’ అని పదే పదే అనేవాడు. డిప్రెషన్ అంటే ఇదే అనుకున్నాను నేను. మావాడిలో ఆ కన్నీళ్ళూ ఆ మౌనమూ వెతికాను. అవి లేవు, చిరాకు ఉంది. పిల్లల్లో దిగులుకి బదులు చిరాకే ప్రధాన లక్షణం కావచ్చని డాక్టర్లు వాడే ప్రమాణాల్లోనే రాసి ఉందని తర్వాత తెలిసింది. రెండు వారాలు దాటి రోజూ అలాగే ఉండి, నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే చూపించాల్సిందే.

ఇక తేడా సంగతి. మా అత్తగారిది కోవూరు వైపు, మాగాణి. ఏళ్ళ తరబడి నీళ్ళు పారిన పొలంలో కాలువలు గట్టిపడి ఉంటాయి. ఏదో ఒక మడికే నీళ్ళు తిరిగిపోతుంటే ఎక్కడ మళ్ళించాలో రైతుకి తెలుస్తుంది. పెద్దవాళ్ళ మెదడు అలాంటిది. మనిషి ఊరికే ఉన్నప్పుడు తనలోకి తాను చూసుకునే భాగాలు కలిసి పనిచేస్తాయి. 2001లో వాటికి డిఫాల్ట్ మోడ్ అని పేరు పెట్టారు. ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన 2015 నాటి విశ్లేషణలో, డిప్రెషన్ ఉన్నవాళ్ళలో ఆ భాగాల మధ్య బంధం ఎక్కువగానూ, ధ్యాసని అదుపు చేసే భాగాల మధ్య తక్కువగానూ కనిపించింది. నాన్న ఒకే మాట తిప్పి తిప్పి అనడం నాకు అక్కడ గుర్తొచ్చింది. కానీ 2019లో చైనాలో 25 బృందాలు 1,300 మంది రోగుల వివరాలు కలిపి చూస్తే, మళ్ళీ మళ్ళీ డిప్రెషన్ వచ్చినవాళ్ళలో అదే బంధం తక్కువగా ఉంది, దానికి మందుల వాడకంతో సంబంధం కనిపించింది. అందుకే ‘డిప్రెషన్ మెదడు ఇలా ఉంటుంది’ అని ఎవరైనా ఒకే బొమ్మ చూపిస్తే నమ్మకండి.

పిల్లల దగ్గర కాలువలు ఇంకా తవ్వుతూనే ఉంటారు. వాడని దారులు పూడుతుంటాయి, వాడేవి గట్టిపడుతుంటాయి. భయం, కోపం పుట్టించే లోపలి భాగాలు ముందే చురుగ్గా ఉంటాయి. వాటిని అదుపులో పెట్టే నుదుటి వెనుక భాగం 25 ఏళ్ళ దాకా పక్వమవుతూనే ఉంటుంది. జబ్బు ఆ పని మధ్యలో వస్తుంది. కనెక్షన్లు కాదుగానీ మెదడు పైపొర ఆకారాన్ని 10,000 మందికి పైగా మనుషుల్లో కొలిచిన ఎనిగ్మా అనే అంతర్జాతీయ పరిశోధకుల బృందం, డిప్రెషన్ ఉన్న పెద్దల్లో కొన్నిచోట్ల పొర మందం తగ్గిందనీ, పిల్లల్లో మందం కాకుండా వైశాల్యం తగ్గిందనీ చెప్పింది. ఇవీ సగటులే, మీవాడి జాతకం కాదు.

వైద్యంలోనూ తేడా ఉంది. మీకు పనిచేసిన మాత్రలు ఇంట్లో మిగిలి ఉంటే వాడికి ఇవ్వకండి. పిల్లల్లో ఎక్కువగా ఫ్లూఆక్సెటిన్‌తో మొదలుపెడతారు. 2004లో అమెరికాలో 439 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో ఆ మందు, కౌన్సెలింగ్ రెండూ కలిపి ఇస్తే 12 వారాల్లో అన్నిటికంటే మేలు కనిపించింది. మొదటి కొన్ని వారాలు మాత్రం కనిపెట్టుకుని ఉండాలి, చనిపోవాలన్న ఆలోచనలు కొందరు పిల్లల్లో పెరగవచ్చు. అలాంటి మాట వాడి నోట వస్తే ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరుకి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీ జబ్బు సంగతి వాడితో చెప్పాలా అని చివర్లో అడిగారు. చెప్పండి, కానీ ‘నాకు తెలుసులే’ అనకండి. మావాడు కాస్త కుదుటపడ్డాక సంక్రాంతికి కొండపి వెళ్ళాం. నాన్న వాడిని బ్యారన్ దగ్గర కూర్చోబెట్టుకుని, ‘నాకూ అట్టానే ఉండేదిరా, బతకబుద్ధి అయ్యేది కాదు’ అన్నాడు. ‘నాది అట్టా కాదు తాతా, నాకు ఏడుపు రాలా, ఒళ్ళంతా మంట’ అన్నాడు మావాడు. ‘మంటా? ఎట్టా ఉంటదది, చెప్పు’ అని నాన్న అడిగాడు. చీకటి పడేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.