ఎంఏ ఇంగ్లీషు ముందా, బీఈడీ ముందా? ఒక ఏడాది పోగొట్టుకుని తెలుసుకున్నది

మీ ప్రశ్న నాకు అర్థమైంది: బీఎస్సీ చేశారు, గుంటూరులో ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నారు, దూరవిద్యలో ఎంఏ ఇంగ్లీషు చేస్తే ప్రభుత్వ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్ (సబ్జెక్టు టీచరు) కావచ్చా, దాని కోసం ఉన్న ఉద్యోగం మానేయాలా అని.

కావచ్చండీ. నేను అలాగే అయ్యాను. కాకపోతే వరస తప్పి ఒక ఏడాది తగలేశాను, అందుకే ఇంత పెద్ద జవాబు.

నాదీ బీఎస్సీనే, ఎంపీసీ. అరండల్‌పేటలో ఒక స్కూల్లో నెలకు 7 వేలకి ఆరు, ఏడు తరగతుల ఇంగ్లీషు చెప్పేదాన్ని. 2015లో ఎడ్‌సెట్ (బీఈడీ ప్రవేశ పరీక్ష) రాసి, ర్యాంకు బాగానే వచ్చిందని సంబరపడుతూ సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కి వెళ్లా. అక్కడాయన నా మార్కుల మెమో అటూ ఇటూ తిప్పి, "ఇంగ్లీష్ మెథడాలజీ మీకు రాదమ్మా, మ్యాథ్స్ తీసుకోండి" అన్నారు. మెథడాలజీ అంటే బీఈడీలో ఏ సబ్జెక్టు బోధించడం నేర్చుకుంటామో అది. "డిగ్రీలో ఇంగ్లీషు చదివాను కదండీ" అన్నా. అది జనరల్ ఇంగ్లీష్, డిగ్రీ చేసిన ప్రతివాడూ చదివేదే. లెక్కలోకి రావాలంటే బీఏలో మూడు గ్రూపు సబ్జెక్టుల్లో ఒకటిగా ఇంగ్లీష్ లిటరేచర్ ఉండాలి, లేదా ఎంఏ ఇంగ్లీష్ ఉండాలి. బస్సులో ఇంటికొస్తూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

కాబట్టి మీకు వరస ఇది: ముందు ఎంఏ, తర్వాత ఇంగ్లీష్ మెథడాలజీతో బీఈడీ, ఆపైన టెట్ (టీచరు అర్హత పరీక్ష), డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష). ముందే మ్యాథ్స్ మెథడాలజీతో బీఈడీ చేసేసి, తర్వాత ఎంఏ ఇంగ్లీష్ కట్టినవాళ్లని ఇద్దరిని చూశాను. పీజీ ఉంది, బీఈడీ ఉంది, అయినా స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీష్‌కి పనికిరాలేదు, ఎందుకంటే బీఈడీ మెమోలో ఇంగ్లీషు మెథడాలజీ లేదు. మీకు తెలిసినవాళ్లెవరైనా "ముందు ఏదో ఒక బీఈడీ కానిచ్చేయ్" అంటే వినకండి.

ఎంఏ నేను ఇగ్నోలో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) చేశాను, వాళ్లకి విజయవాడలో రీజినల్ సెంటర్ ఉంది. నాగార్జున యూనివర్సిటీ దూరవిద్య కూడా మనకి దగ్గరే, నంబూరు. ఎక్కడ చేరినా మీరు చేరే సంవత్సరానికి ఆ కోర్సుకి యూజీసీ అనుమతి ఉందో లేదో యూజీసీ సైట్లోనే చూసుకుని ఫీజు కట్టండి. అసైన్‌మెంట్లు చేత్తో రాయాలి, ఆదివారాలన్నీ వాటికే. పాత పుస్తకాల కోసం విజయవాడ లెనిన్ సెంటర్ తిరిగాను, సగం అక్కడే దొరికాయి.

ఎంఏ నిజంగా క్లాసులో పనికొస్తుందా అని కూడా అడిగారు. ఆరు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు పద్యాలు ఎనిమిదో తరగతికి ఎందుకు పనికొస్తాయి చెప్పండి. కానీ భాషాశాస్త్రం పేపరు ఒక్కటి మాత్రం నా చేతికి పనిముట్టు ఇచ్చింది. బీఈడీ ఇంటర్న్‌షిప్‌లో ఒక పిల్లాడు లేచి "టీచర్, పెయిన్ ఇన్ యియర్" అన్నాడు. చెవి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఇయర్ (చెవి) అన్నా, యియర్ (ఏడాది) అన్నా మా పిల్లలకి ఒక్కటే. ఓల్డ్‌ని వోల్డ్ అంటారు, ఎగ్‌ని యెగ్ అంటారు. అదివరకు నేనైతే "తప్పు, మళ్లీ చెప్పు" అని పదిసార్లు చెప్పించేదాన్ని. ఆ రోజు బోర్డు మీద "ఒకటి", "ఎవరు" అని తెలుగులో రాసి గట్టిగా చదవమన్నా. క్లాసంతా "వొకటి, యెవరు" అంది. రాసినట్టే చదివారా అని అడిగితే కాసేపు నిశ్శబ్దం, తర్వాత నవ్వులు. తెలుగులో మాట మొదట్లో ఇ, ఎ వస్తే ముందు య, ఒ వస్తే ముందు వ చేర్చడం మన నోటికి అలవాటు, అదే అలవాటు ఇంగ్లీషులోకీ వెళ్తుంది. పిల్లాడికి తన తప్పు ఎక్కడినుంచి వస్తోందో తెలిశాక దిద్దుకోవడం తేలిక. పరీక్ష కోసం చదివిన పేపరే, నేను రోజూ వాడేది మాత్రం అదొక్కటే.

బీఈడీ 2015 నుంచి రెండేళ్లు. "కాలేజీకి రానక్కర్లేదు, అటెండెన్స్ మేం చూసుకుంటాం" అనే కాలేజీలు బోలెడు ఉన్నాయి, నాకూ ఒకరు ఆఫర్ ఇచ్చారు. పాఠం చెప్పడం బడిలోనే వస్తుంది, ఆ ఇంటర్న్‌షిప్ ఎగ్గొడితే మీరే నష్టపోతారు.

టెట్‌లో మీరు రాయాల్సింది పేపర్ 2ఏ. 150 మార్కులకి ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ ఎస్టీలకు 60 వస్తే పాస్. ఒకసారి పాసైతే జీవితకాలం చెల్లుతుంది, అయినా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయండి, ఎందుకంటే డీఎస్సీలో టెట్‌కి 20 శాతం వెయిటేజీ ఉంది. నేను రెండుసార్లు రాశాను.

అసలు పరీక్ష ఓపికకి. 2018 డీఎస్సీ వచ్చినప్పుడు నా బీఈడీ ఇంకా పూర్తి కాలేదు, అర్హత లేదు. తర్వాత పెద్ద ఎత్తున నియామకాలు జరిగింది 2025 మెగా డీఎస్సీలోనే, 16,347 పోస్టులు. మధ్యలో 2024లో ఒక నోటిఫికేషన్ వచ్చి రద్దయింది కూడా. ఆ ఏళ్లలో ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు, అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్‌కి పోతావా అని బంధువులు, ప్రైవేటు స్కూల్లో రోజుకి ఏడు పీరియడ్లు. 2015లో ఆ ఏడాది పోకుండా ఉంటే 2018లోనే రాసేదాన్నేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఉద్యోగం విషయం. ఎంఏ చేస్తూ మానక్కర్లేదు, నేను మానలేదు. బీఈడీలో చేరేటప్పుడు మానేశాను, అప్పుడే ఒక చిక్కు వచ్చింది. చేరిన రోజు నా డిగ్రీ ఒరిజినల్స్ స్కూలు వాళ్లు తీసి పెట్టుకున్నారు. విద్యా సంవత్సరం మధ్యలో మానేస్తే రెండు నెలల జీతం కట్టాలన్నారు. మా నాన్న నాలుగుసార్లు తిరిగి, చివరికి ఒక నెల జీతం వదులుకుని తెచ్చారు, కౌన్సెలింగ్‌కి సరిగ్గా రెండు రోజుల ముందు. మీవి ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయో చూసుకోండి. వాళ్ల దగ్గరే ఉంటే, ఎంఏ అప్లికేషన్‌కి కావాలని చెప్పి ఈ వారమే తెచ్చేసుకోండి. మళ్లీ ఇవ్వమంటే జిరాక్సులు ఇవ్వండి.