కోమాలో ఉన్నవాళ్లకు మన మాటలు, పాటలు నిజంగా వినిపిస్తాయా?

కొందరికైనా వినిపిస్తాయి, నాకైతే అనుమానం లేదు. ఏం వినిపిస్తున్నామన్నదే అసలు సంగతి. మన దగ్గర మనిషి మంచాన పడగానే ఫోన్‌లో భక్తి పాటలు పెట్టి దిండు పక్కన వదిలేస్తారు. గుడి మైకు మోత వద్దని జీవితమంతా కొట్లాడిన మనిషికి కూడా అవే పాటలు!

మా పెద్దబాపు అలాంటివాడే. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. బండి మీది నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. ఆపరేషన్ అయ్యాక కళ్లు తెరిచాడు గానీ చూపు ఎవరి మీదా నిలవదు, పిలిస్తే ఉలకడు పలకడు.

అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన ఒకటి 2015లో వచ్చింది. తలకు దెబ్బ తగిలి స్పృహ సరిగా లేని 15 మందిని తీసుకుని, అందులో కొందరికి ఇంటివాళ్ల గొంతుతో పాత ముచ్చట్లు రోజుకు 4 సార్లు, 6 వారాలు వినిపించారు. అన్ని పరీక్షల్లో కాకపోయినా, ఒక పరీక్షలో విన్నవాళ్లే ఎక్కువ మెరుగయ్యారు.

అది చదివి, గొంతు రికార్డు చేద్దామని పెద్దమ్మ ముందు ఫోన్ పెట్టాను. "ఏం చెప్పాలె బిడ్డా" అని ఏడుపు అందుకుంది. "మీ తమ్ముడు తీసుకున్న పైసల ముచ్చట చెప్పు పెద్దమ్మా" అన్నాను. ఇక ఆగలేదు. "నీ బామ్మర్ది నూలుకని తీస్కపోయిన పైసలు నువ్వు లేస్తెనే వస్తయి, నేనేడ తేవాలె!"

ఇయర్‌ఫోన్ పెట్టి ముందు మగ్గం చప్పుడు వినిపించాం. ఏమీ లేదు. పెద్దమ్మ గొంతు వచ్చింది. బామ్మర్ది మాట రాగానే నొసలు ముడతపడింది, తిట్టబోయే ముందు ఎప్పుడూ బిగించినట్టే పెదాలు బిగించాడు. అది మామూలు కదలికే కావొచ్చన్నారు డాక్టరు. మరి మళ్లీ పెట్టినా సరిగ్గా అక్కడే ఎందుకు కదలాలి? ఆ తర్వాత మెల్లగా మనుషులను గుర్తుపట్టాడు. మందుల వల్లే అంటారు కొందరు. అననీయండి.

ఇంకో బాధ, చూడటానికి వచ్చేవాళ్లది. ఐసీయూలోకి పంపేదే కాసేపు. ఆ కాసేపట్లోనే కొబ్బరి బొండాలతో వచ్చి, తలాపున నిలబడి "ఇగ కష్టమే" అని గట్టిగా అంటారు. అది మాత్రం వినిపించదా? అలాంటివాళ్లను గుమ్మం దగ్గరే ఆపండి. మీ ఇంట్లో ఆయనతో ఎక్కువగా పోట్లాడేవాళ్ల గొంతు రికార్డు చేయండి. డాక్టర్‌ను అడిగి, సౌండ్ తగ్గించి, కాసేపు పెట్టి తీసేయండి.