ఆన్‌ఫీల్డ్ స్టేడియం మొదట ఎవర్టన్ క్లబ్‌దేనా?

అవును, ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరంలో ఇప్పుడు లివర్‌పూల్ క్లబ్ ఆడుతున్న ఆన్‌ఫీల్డ్ 1884 నుంచి 1892 వరకు అదే నగరంలోని మరో ఫుట్‌బాల్ క్లబ్ ఎవర్టన్ అద్దెకు తీసుకుని ఆడే హోమ్ గ్రౌండ్‌గా ఉండేది. అప్పటికి లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ పుట్టనే లేదు.

గొడవంతా అద్దె దగ్గర వచ్చింది. ఎవర్టన్ క్లబ్ అధ్యక్షుడు జాన్ హౌల్డింగ్ బీరు వ్యాపారి. మైదానం ఉన్న స్థలాన్ని ఆయనే కొన్నాడు. అంటే క్లబ్‌కు పెద్దా ఆయనే, అద్దె వసూలు చేసే యజమానీ ఆయనే. అద్దె ఏటేటా పెరగడం, మైదానంలో ఆయన బీరే అమ్మాలనడం సభ్యులకు నచ్చలేదు. 1892లో ఎక్కువమంది విడిపోయి, దగ్గర్లోని స్టాన్లీ పార్కుకు అవతలి వైపు గుడిసన్ పార్క్ అనే కొత్త స్టేడియం కట్టుకున్నారు. హౌల్డింగ్ చేతిలో మైదానం మిగిలింది, ఆడే జట్టే లేదు! అందుకే అదే ఏడాది ఆయన లివర్‌పూల్ క్లబ్‌ను స్థాపించాడు.

ఎవర్టన్ 1890-91లో గెలిచిన లీగ్ టైటిల్‌నే చూడండి. వాళ్ల మొదటి టైటిల్ అది. ఆ సీజన్‌లో వాళ్ల హోమ్ గ్రౌండ్ ఆన్‌ఫీల్డే.

లివర్‌పూల్ క్లబ్ వచ్చి ఎవర్టన్‌ను వెళ్లగొట్టిందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఎవర్టన్ వెళ్లిపోవడం వల్లే లివర్‌పూల్ పుట్టింది. నిజానికి హౌల్డింగ్ ఎవర్టన్ పేరును కూడా తన దగ్గరే ఉంచుకోవాలని చూశాడు. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్‌ను నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్ ఒప్పుకోలేదు. పేరు సభ్యులతోనే వెళ్లింది. ఆయన కొత్త జట్టుకు లివర్‌పూల్ అని పెట్టుకోవాల్సి వచ్చింది.