పీహెచ్‌డీలో చేరుతున్న మా చిట్టికి

చిట్టీ,

హైటెక్ సిటీ ఉద్యోగం మానేసి హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లో పీహెచ్‌డీలో చేరుతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. ఆసుపత్రి రికార్డుల మధ్యే ఉద్యోగమంతా గడిపిన నాకు, మనింటి పిల్ల కూడా అటే వస్తోందంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ అంతలోనే "మూడేళ్లలో హెచ్-ఇండెక్స్ పది దాటిస్తానంటోంది" అని కూడా అంది, అదే, పరిశోధకుల పేపర్ల పలుకుబడి కొలిచే ఆ అంకె. రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నా, కాస్త కోపంగా అనిపించినా పూర్తిగా చదువు.

చేరిన రోజే ఆర్కిడ్ ఐడీ, అదే పరిశోధకులకిచ్చే గుర్తింపు నంబరు, తీసుకో, డబ్బు కట్టక్కర్లేదు. మన పేర్లతో ఉండే చిక్కు తెలుసుగా, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, ఒక పేపర్లో పొడి అక్షరాలు, ఇంకోదాంట్లో పూర్తి పేరు. స్కోపస్ అనే పరిశోధన పేపర్ల జాబితాలో ఒక్క మనిషే ముగ్గురై కూర్చుంటారు. ఒక స్పెల్లింగ్ ఖాయం చేసుకో, పెళ్లయినా మార్చకు. డబ్బు కడితే వారంలో వేస్తామని మెయిళ్లు పెట్టే జర్నళ్ల జోలికి పోకు. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క రికార్డు కూడా తెరవకు.

ఇక హెచ్-ఇండెక్స్. అది పది అంటే, ఒక్కోదానికి కనీసం పది సైటేషన్లు, అంటే వేరే పేపర్లలో ప్రస్తావనలు, ఉన్న పేపర్లు పది ఉండాలి. హిర్ష్ అనే ఫిజిక్స్ ఆయన 2005లో చెప్పిన లెక్క. ఏళ్లు గడిచేకొద్దీ పెరిగే అంకె, కొత్తవాళ్లకు చిన్నగా ఉండటంలో వింతేం లేదు. పైగా గూగుల్ స్కాలర్ థీసిస్‌లూ జర్నల్లో అచ్చుకాకముందే బయటపెట్టే ప్రీప్రింట్లూ కూడా కలుపుకుంటుంది కాబట్టి అక్కడొక అంకె, స్కోపస్‌లో ఇంకో అంకె. కంప్యూటర్ వాళ్లు పేపర్లు కాన్ఫరెన్సుల్లో వేస్తారు, డాక్టర్లేమో వైద్య పేపర్లుండే పబ్‌మెడ్‌లో వెతుక్కుంటారు. నీ పని డాక్టర్లకు చేరాలంటే జామియా, జేఎంఐఆర్ లాంటి జర్నళ్లు ఇప్పటినుంచే చదువు.

నాతో పనిచేసిన ఒకావిడ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మంచి డాక్టరు, నాకంటే చురుకైన మనిషి. ఇక్కడే ఒక పెద్దాసుపత్రిలో ఓపీ రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించిన కొత్తల్లో, షుగర్ పేషెంట్ల ఫైలు తీసుకుని పేపర్ రాసింది. ఎక్కువమంది ఒక్కసారి వచ్చి మళ్లీ మొహం చూపించడం లేదని తేల్చింది, మన జనానికి జబ్బంటే లక్ష్యం లేదని చివర్లో రెండు పేరాలు కూడా రాసింది. వెంటనే అచ్చయింది. తర్వాతెప్పుడో ఇద్దరం ఏదో పనిమీద ఓపీ కౌంటర్ దగ్గర నిలబడ్డాం. ఒక పెద్దాయన నలిగిపోయిన పాత చీటీ తీసి ఇచ్చాడు. గుమస్తా దాన్ని చూడనైనా చూడకుండా పక్కన పడేసి, కొత్త నంబరు కొట్టి కొత్త చీటీ చేతిలో పెట్టాడు. ఇదేంటయ్యా అంటే, "పాత నంబరు వెతుకుతూ కూర్చుంటే లైను కదలదు మేడమ్" అన్నాడు. అంటే ఆ పెద్దాయన వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్‌కి కొత్త మనిషే! నెలనెలా క్రమం తప్పకుండా మందులకు వచ్చేవాళ్లనే ఆ పేపర్ మళ్లీ రానివాళ్ల లెక్కలో వేసేసింది. ఆవిడ మొహం పాలిపోయింది. జర్నల్‌కి దిద్దుబాటు రాయమని ఎన్నోసార్లు చెప్పాను. ప్రమోషన్ ఫైలు కదులుతోంది, కొన్నాళ్లు ఆగుదాం అంది. తర్వాత తోటివాళ్లు ఒప్పుకోవడం లేదంది. ఆ తర్వాత ఆ మాట ఎత్తితేనే లేచి వెళ్లిపోయేది. ఆవిడ పేపర్లన్నింట్లోకీ ఎక్కువ సైటేషన్లు వచ్చింది దానికే, చిట్టీ. ఇవాళ్టికీ ఎవరో ఒకరు దాన్ని చూపించి, మన పేషెంట్లు మందులు సరిగ్గా వాడరని రాస్తూనే ఉన్నారు.

ఇప్పుడు పేషెంటు రికార్డులన్నీ ఒకచోట కలిపే 14 అంకెల ఆభా నంబరుంది కదా పెద్దమ్మా అంటావు. ఉంది, మంచిదే. కానీ అది తప్పనిసరి కాదు, ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ నంబరు రాయించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, కాబట్టి ఆ చిక్కు పూర్తిగా తీరినట్టు కాదు.

పెద్ద జర్నల్ అయితే చాలనుకోకు. 2020 మేలో కరోనాకు హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు వాడితే ప్రమాదమని లాన్సెట్‌లో పేపర్ వచ్చింది, 671 ఆసుపత్రుల్లో 96,000 మందికి పైగా పేషెంట్లన్నారు. దాన్ని చూసి డబ్ల్యూహెచ్ఓ ఆ మందు ట్రయల్‌ని కొన్నాళ్లు ఆపేసింది కూడా. డేటా సర్జిస్ఫియర్ అనే కంపెనీది. పరిశీలనకు అసలు డేటా ఇమ్మంటే ఆ కంపెనీ ఇవ్వలేదు. రచయితల్లో ఒకాయన ఆ కంపెనీ యజమానే, మిగతా ముగ్గురూ ఆ డేటాకు మేం పూచీ పడలేమని జూన్ 4న పేపర్ వెనక్కి తీసుకున్నారు. అచ్చయ్యాక అడిగారమ్మా, ముందే అడగాల్సింది!

కాబట్టి నువ్వు తెరిచి చూడని డేటా మీద నీ పేరు వేయించుకోకు, గైడ్ చెప్పినా సరే. మోడల్ కట్టే ముందు నీకు డేటా ఇచ్చే ఆసుపత్రి ఓపీ కౌంటర్ దగ్గర కొన్ని పూటలు కూర్చుని, చీటీ ఎలా పుడుతుందో చూడు. తప్పు దొరికితే ఆ వారంలోనే జర్నల్‌కి రాయి. సైటేషన్లు పోతే పోతాయి, నేనేం అనుకోను, మీ అమ్మను అనుకోనివ్వను.

జీతం పోతుందని అది బెంగపెట్టుకుంది, దాంతో నేను మాట్లాడతాలే. నువ్వు మాత్రం ల్యాబ్‌లో కూర్చుని రాత్రి భోజనం మానకు, ఆ పాడు అలవాటు నీకు ఇంటర్ నుంచీ ఉంది.

ఆదివారం రాయదుర్గంలో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా తార్నాకలో దిగొచ్చు. ప్రపోజల్ ప్రింట్ తీసుకునిరా, ఫోన్లో చదవలేను. ఏ ఆసుపత్రి డేటా తీసుకుంటున్నావో అక్కడ రికార్డ్ రూమ్ ఎవరు చూస్తారో కూడా కనుక్కునిరా.

నీ పెద్దమ్మ