అమ్మ పచ్చడిలా లేదన్నందుకు ఇంత కోపమా?

ప్రశ్న: మాది గుంటూరు. నా భార్యది వరంగల్. కెనడాలోని ఎడ్మంటన్‌కు వచ్చి మూడేళ్లయింది. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. నాకు గోంగూర పచ్చడి అంటే ప్రాణం. ఆమె ఎన్నిసార్లు చేసినా మా అమ్మ చేతి రుచి రావడం లేదు. భోజనానికి వచ్చిన స్నేహితుల ముందు ఒకసారి ఆ మాట అనేశాను. నెల రోజులుగా ఆమె పచ్చడి జోలికే పోవడం లేదు. "ప్రతి ఆదివారం మార్కులు వేయించుకోవడానికి నేను వండలేను" అంటోంది. నేను తిట్టలేదు, ఉన్న మాటే అన్నాను. ఇంత చిన్న విషయానికి ఇంత పట్టుదల ఎందుకు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకేం తినాలనిపిస్తోందో అందులో ఉంది. మీ భార్య దేనికోసం బెంగపడుతోందో ఒక్క ముక్క కూడా లేదు. ఆమె కూడా మీలాగే ఇల్లు వదిలి అంత దూరం వచ్చిన మనిషే కదా.

వరంగల్ వైపు గోంగూరను పుంటికూర అంటారు. ఆ ఇళ్లలో దానికి వేరే వరుస ఉంటుంది, వేరే కారం ఉంటుంది. మీ అమ్మగారి పచ్చడిని ఆమె ఎన్నిసార్లు తిని ఉంటుంది? సెలవులకు వెళ్లినప్పుడు నాలుగైదు పూటలు. మీరు చిన్నప్పటి నుంచీ తిన్నారు. ఆ రుచి తెలిసిన నాలుక ఆ ఇంట్లో ఒక్కటే ఉంది, అది మీది. పులుపు తగ్గిందా, మెంతులు ఎక్కువయ్యాయా, మిరపకాయలు మాడాయా అని చెప్పగలిగింది మీరొక్కరే. తెలిసిన మనిషి బల్ల దగ్గర కూర్చుని, తెలియని మనిషిని పొయ్యి దగ్గర వెతకమంటే ఎలా దొరుకుతుంది? ఆ పచ్చడి మీరే చేయాలి. శిక్షగా చెప్పడం లేదు, ఇంకో దారి కనిపించక చెబుతున్నాను.

చలికాలంలో మీకు శనివారం రాత్రి 9 గంటలైతే గుంటూరులో ఆదివారం ఉదయం 9:30. ఆ వేళకు అమ్మగారికి వీడియో కాల్ చేయండి. "చూసి వేయడమే, కొలతలెక్కడివి నాయనా" అంటారు. ఆ చూసి వేసేదాన్నే ఒక్కసారి లెక్కపెట్టించండి. గుప్పెడు అంటే ఎన్ని మిరపకాయలు, ధనియాలు ఎన్ని చెంచాలు, అన్నీ రాసుకోండి. మీకు దొరికేది గడ్డకట్టించిన గోంగూరే అయితే అది కరిగేటప్పుడు చాలా నీరు వదులుతుంది. ఆ నీరంతా ఇగిరి, ఆకు నూనెలో మగ్గి ముద్దయ్యేదాకా దించకండి. మిక్సీని ఒకే బిగిన తిప్పితే రోటి పచ్చడి బరక పోతుంది, ఆపి ఆపి తిప్పండి. వెల్లుల్లి మాత్రం చేత్తో దంచి చివర్లో కలపండి. మిరపకాయల ఘాటుకు పొగ అలారం మోగి, ఆ గడ్డకట్టే చలిలో కిటికీలు తెరిచి నిలబడితే, మీ భార్య మూడేళ్లుగా ఏం చేస్తోందో కూడా కొంత తెలుస్తుంది.

వేసవిలో కుండీల్లో పెంచి చూడండి. గోంగూర చలికి తట్టుకోదు, అందుకని ఇంట్లోనే మొలకెత్తించి, మే నెల చివర్లో మంచు భయం తగ్గాక బయట పెట్టాలి. జూన్‌లో మీ ఊళ్లో పగలు దాదాపు 17 గంటలు. పగలు అంత పొడవుగా ఉన్నంతకాలం ఆ మొక్క పూత జోలికి పోకుండా ఆకే వేస్తుంది.

ఇక మాట సంగతి. ఉన్న మాటే అన్నానంటున్నారు. "అమ్మ చేసినట్టు లేదు" అంటే ఆమెకు వినిపించేది తన తప్పు. "అమ్మ గుర్తొస్తోంది" అని ఉంటే ఆమె మీ పక్కన వచ్చి కూర్చునేది. మీ మనసులో ఉన్నది రెండోదేనని నాకు అనిపిస్తోంది. అమ్మ మీద బెంగ పెట్టుకోవడంలో సిగ్గుపడవలసిందేమీ లేదు, ఆ మాట నేరుగా భార్యతో చెప్పండి. స్నేహితుల ముందు అన్న మాటకు క్షమాపణ కూడా ఆ స్నేహితుల ముందే చెప్పాలి, నాలుగు గోడల మధ్య చెబితే సరిపోదు. అమ్మగారికి ఫోను చేసినప్పుడు కోడలి పచ్చడి ప్రస్తావన మాత్రం తేకండి. మీరు మామూలుగా చెప్పినా అది అక్కడ ఫిర్యాదులాగే వినిపిస్తుంది.

తర్వాత ఆమెను అడగండి, నీకు ఏం తినాలని ఉంది అని. సర్వపిండి అనవచ్చు, అదే గిన్నెకు అద్ది కాల్చే తెలంగాణ బియ్యప్పిండి రొట్టె. దాన్ని మామూలుగా అడుగు గుండ్రంగా ఉన్న గిన్నెలో చేస్తారు, మీ చదును కరెంటు పొయ్యి మీద ఆ గిన్నె నిలవదు. అందుకే ఇన్నాళ్లు చేసుకోకుండా ఊరుకుని ఉండవచ్చు. అడుగు చదునుగా ఉన్న మందపాటి మూకుడు ఒకటి కొని తీసుకురండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు వేసి ఆమె చెప్పినట్టు మీరు కలపండి. పిండి మూకుడుకు ఎంత పలుచగా అద్దాలో, సన్నని సెగ మీద ఎంతసేపు కాలాలో చెప్పవలసిన నాలుక ఈసారి ఆమెది.