కోవిడ్ అయిపోయాక కూడా వైరస్‌ల మీద పరిశోధనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరంలో ఉంది. జలుబు, ఫ్లూ లాంటి శ్వాసకోశ వైరస్‌లను గుర్తించే పరీక్షల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. కోవిడ్ హడావుడి తగ్గాక ఇందులో ఇంకేం మిగిలిందని? పైగా వైరస్‌లతో పని అంటేనే మాకు టెన్షన్.

జవాబు: ఈ రంగం కోవిడ్‌తో పుట్టలేదండీ, దాంతో పోయేదీ లేదు. మనిషికొచ్చే ఫ్లూ వైరస్‌ను మొదటిసారి వేరుచేసింది 1933లో. అది ఎలా మారుతోందో చూడ్డానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952 నుంచీ దేశదేశాల ల్యాబులతో నెట్‌వర్క్ నడుపుతోంది, ఫ్లూ టీకాలో ఏ రకాలు పెట్టాలో ఏటా రెండుసార్లు తేల్చేది వాళ్లు పంపే సమాచారంతోనే.

నెదర్లాండ్స్‌లో 2001లో జరిగింది చూడండి. ఇరవై ఏళ్లలో పోగుపడిన శాంపిళ్లలో, తెలిసిన ఏ పరీక్షకూ దొరకని వైరస్ ఒకటి 28 మంది చిన్నపిల్లల్లో బయటపడింది. పేరు హ్యూమన్ మెటాన్యుమోవైరస్. పాత రక్తనమూనాలు తీసి చూస్తే అది అప్పటికే కనీసం 50 ఏళ్లుగా మనుషుల్లో తిరుగుతోందట! పట్టుకునే సాధనం లేక అన్నాళ్లు ఎవరికీ కనపడలేదు, అంతే. మీ అమ్మాయి చేస్తానంటున్నది అలాంటి సాధనాల పని.

ఆర్టీపీసీఆర్ అంటే శాంపిల్ మెషీన్‌లో పెట్టి రిజల్ట్ చూసుకోవడమే అనుకుంటారు చాలామంది. అది టెస్ట్ చేసేవాళ్ల పని, టెస్ట్ తయారుచేసేవాళ్ల తలనొప్పులు వేరు. వైరస్ మారుతూ ఉంటుంది, మీరు గుర్తుపట్టే చోటే మారితే టెస్ట్ దాన్ని వదిలేస్తుంది. 2020 చివర్లో బ్రిటన్‌లో కోవిడ్ వైరస్ ఆల్ఫా రకం పెరిగినప్పుడు ఇదే జరిగింది, మూడు జన్యువులు చూసే కొన్ని కిట్లలో ఎస్ జన్యువు సిగ్నల్ రావడం మానేసింది, మిగతా రెండూ మామూలుగానే వచ్చాయి. అక్కడివాళ్లు ఆ లోపాన్నే గుర్తుగా పెట్టుకుని కొత్త రకం ఎక్కడ ఎంత పాకుతోందో లెక్కగట్టేశారు. ఇలాంటివి విన్నప్పుడు మీ అమ్మాయి కళ్లు మెరిస్తే రంగం సరైందే. ఇంకో పక్క విసుగు కూడా ఉంటుంది: పీసీఆర్‌లో ఒక్కో సైకిల్‌కి వైరస్ జన్యుపదార్థం కాపీలు రెట్టింపవుతాయి, లెక్క ప్రకారం 30 సైకిళ్లకు ఒక్క కాపీ వంద కోట్లు దాటుతుంది, కాబట్టి పక్క ట్యూబులోంచి కంటికి కనపడని తుంపర పడినా లేని వైరస్ ఉన్నట్టు చూపిస్తుంది. అప్పుడు వారం రోజుల పని చెత్తబుట్టలోకే. ఆ ఓపిక లేకపోతే మార్కులెన్ని వచ్చినా లాభం లేదు.

ప్రమాదం సంగతికొస్తే, పరీక్షల పనిలో ఎక్కువ భాగం శాంపిల్‌ను ముందే రసాయనంతో నిర్వీర్యం చేసి, అందులోంచి తీసిన ఆర్‌ఎన్‌ఏతోనే. కోవిడ్ లాంటి వైరస్‌ను బతికించి పెంచాలంటే బయోసేఫ్టీ లెవల్ 3 ల్యాబ్, అంటే కట్టుదిట్టమైన రక్షణ ఏర్పాట్లున్న ల్యాబ్ కావాలి, ట్రైనింగ్ లేకుండా లోపలికే రానివ్వరు.

నేనైతే భయపడాల్సింది నిధుల గురించి అంటాను. 2003లో సార్స్ వచ్చినప్పుడు కరోనా వైరస్‌ల మీద ఎగబడిన ఆసక్తి కొన్నేళ్లకే చల్లబడింది. పీహెచ్‌డీకి నాలుగైదేళ్లు, ఆ తర్వాత పోస్ట్‌డాక్ పేరుతో కాంట్రాక్టు ఉద్యోగాలు, ఇంట్లో వాళ్లు ఇది తెలిసే ఒప్పుకోవాలి. అందుకే ఒక్క వైరస్‌కే అతుక్కుపోవద్దని చెప్పండి. టెస్ట్ డిజైన్, సీక్వెన్సింగ్ (జన్యుక్రమం చదవడం), స్టాటిస్టిక్స్, కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్ వస్తే డయాగ్నస్టిక్ కంపెనీలు, హాస్పిటల్ ల్యాబులు, మురుగునీటిలో వైరస్‌లు వెతికే నిఘా ప్రాజెక్టులు, అన్నిట్లోనూ పనికొస్తాయి.

పీహెచ్‌డీకి ముందు ఒక ఏడాది ఏదైనా వైరాలజీ ల్యాబులో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గానో టెక్నీషియన్‌గానో చేయనివ్వండి. చిన్న పోస్టు అని చూడకండి, మనిషికి సోకే కరోనా వైరస్‌ను 1960ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో మొదట ఫొటో తీసిన జూన్ అల్మెయిడా పదహారేళ్లకే స్కూల్ మానేసి హాస్పిటల్ ల్యాబులో టెక్నీషియన్‌గా మొదలైన మనిషి. తర్వాత గైడ్‌ను ఎంచుకునేటప్పుడు మాత్రం ఆయన పేపర్లు లెక్కపెట్టి ఊరుకోకుండా, ఆ ల్యాబులోంచి బయటికొచ్చిన పాత స్టూడెంట్లు ఎన్నేళ్లలో పూర్తిచేశారో, ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో వాళ్లనే అడిగి తెలుసుకోమనండి.