తెర ఆగినా అంకెలు ఆగవు

చిట్టితల్లీ,

సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఇప్పుడే వద్దని మీ నాన్నకి చెప్పింది నేనే. కోపగించుకోకు. కొట్లో ఎనిమిదంకెల డబ్బా ఉందిగా, తొమ్మిదో తరగతికి అది చాలు. పదో తరగతి పరీక్షకి ఎలాగూ ఏదీ లోపలికి రానివ్వరు.

మీట నొక్కేముందు జవాబు ఎంత ఉండొచ్చో నోటుబుక్కు అంచున రాసుకో. తప్పయినా సరే, కొట్టెయ్యకు.

ముందు ఘాతాంకాలు. 8 ÷ 2 కొట్టి, = మీటని మళ్లీ మళ్లీ నొక్కు. 4, 2, 1, 0.5, 0.25, 0.125 వస్తాయి. (కొన్ని డబ్బాల్లో ఇలా రాదు, ప్రతిసారీ ÷ 2 కొట్టాలి.) వాటి పక్కన 2², 2¹, 2⁰, 2⁻¹ అంటూ రాసుకుంటూ పో. 2⁰ ఒకటెందుకో నన్ను మళ్లీ అడగవు. భూమి, అంటే ఘాతాంకం కింద ఉండే సంఖ్య, ఋణ సంఖ్య అయితే బ్రాకెట్టు మరవకు: (−3)² అంటే 9, −3² అంటే −9.

అకరణీయ సంఖ్యల దగ్గర మాత్రం డబ్బాని నమ్మకు. 1 ÷ 3 × 3 కొట్టి చూడు, 0.9999999 అంటుంది! తెర నిండగానే మిగతా అంకెల్ని అది వదిలేస్తుంది మరి.

1/17 తీసుకో. 0.0588235 దగ్గర ఆగిపోతుంది. వ్యవధి, అంటే తిరిగి తిరిగి వచ్చే అంకెల వరుస, ఎక్కడుంది? మొదటి నాలుగంకెలు, 0588, రాసుకో. 588 × 17 = 9996. పదివేలకి 4 తక్కువ, అదే శేషం. ఇప్పుడు 4 ÷ 17 కొట్టు, మొదటి నాలుగంకెలు 2352. 2352 × 17 = 39984, నలభైవేలకి 16 తక్కువ, కాబట్టి శేషం 16. ఇలాగే ముందుకు పో. 16 ÷ 17 కొడితే 9411, శేషం 13. 13 ÷ 17 కొడితే 7647, శేషం 1. బయల్దేరిన 1కే తిరిగొచ్చాం! పదహారంకెల వ్యవధి, 0588235294117647, ఎనిమిదంకెల డబ్బాతోనే దొరికింది. ముందున్న సున్నా వదిలేసి 588 అని రాశావో, అంతా పోతుంది. నేనొకసారి అలాగే ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను.

ఇక 1/19 నువ్వు చెయ్యి. ఐదో విడతకి 2105 వస్తుంది, శేషం 5. ఒకటి రాలేదని కంగారుపడకు, వ్యవధి అప్పటికే పూర్తయిపోయింది. ఎక్కడో కనిపెట్టి ఆదివారం ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
తాతయ్య